ఫెల్టన్ గేట్ వార్డులో చెల్లని ఓటు

పోయిన నెల నా అరవై అయిదో పుట్టినరోజుకి మా అమ్మాయి స్నిగ్ధ నాకొక పటం కట్టించి ఇచ్చింది. అద్దం పగలకుండా ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఏ వెంకటేశ్వరస్వామో, మనవరాలు గీసిన ఏనుగు బొమ్మో అయ్యుంటుందనుకుని విప్పాను. చూస్తే ఎన్నికల ఫలితాల పట్టికలు.

జర్మనీ రాకముందు మేము ఇంగ్లండులో పదమూడేళ్ళు ఉన్నాం. అక్కడ మా వీధి ఏ వార్డు కిందికి వచ్చేదో ఆ వార్డు చరిత్ర అది. పేరు ఫెల్టన్ గేట్. 1979లో పుట్టింది. 2015లో హద్దులు మార్చి పక్క వార్డుల్లో కలిపేశారు. ఇప్పుడా పేరుతో వార్డే లేదు. అయినా ఎవరో ఓపికున్నవాడు దాని తొమ్మిది ఎన్నికలకీ ఇంటర్నెట్లో పట్టికలు కట్టి పెట్టాడు. మొదటి మూడుసార్లూ గెలిచింది మాంసం కొట్టాయన. ఆయన్ని ఓడించిన బడిపంతులమ్మ నాలుగుసార్లు నెగ్గింది. తర్వాత ఎవరో కుర్రాడు. ఆఖరి పట్టిక 2011ది. అందులో రెండో వరసలో రవీంద్రనాథ్ అని నా పేరు, స్వతంత్ర అభ్యర్థి, 611 ఓట్లు. నా పైన ఉన్న కుర్రాడికీ 611. కింద చిన్న అక్షరాలతో, చీటీ తీసి నిర్ణయించారు అని ఉంది. ఆ కింద, చెల్లని ఓట్లు 9.

"నాన్నా, నువ్వు హిస్టరీలో ఉన్నావు చూడు" అంది స్నిగ్ధ మురిసిపోతూ.

"ఓపా, హస్ట్ డు గెవొనెన్?" అని అడిగింది ఏడేళ్ళ ఈషా. తాతా, గెలిచావా అని.

"లేదమ్మా, ఇద్దరికీ సమానం."

"ఆల్సో నైన్" అనేసి కేకు దగ్గరికి వెళ్ళిపోయింది. అయితే లేదన్నమాట, అని దానర్థం. దానితో నాకు పేచీ లేదు.

మా ఆవిడ శ్యామలాదేవి మాత్రం ఆ పటం ముందు చాలాసేపు నిలబడింది. "ఒక్క ఓటు. ఒక్కటంటే ఒక్కటి. ఏ మహాతల్లి ఆ రోజు గడప దాటలేదో గానీ" అంది. ఈ మాట ఆవిడ పదిహేనేళ్ళుగా అంటూనే ఉంది. విన్నవాళ్ళు అయ్యో అంటారు. నేను తల వంచుకుని టీ తాగుతాను. ఎందుకంటే ఆ ఒక్క ఓటూ ఆవిడదే. గడప దాటింది, వెళ్ళింది, నాకే వేసింది, కానీ అది చెల్లలేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆవిడకి తెలియదు. నేను చెప్పలేదు. చెప్పకపోవడానికి నా దగ్గరున్న కారణం కూడా గొప్పదేమీ కాదు.

నేను బతికిందే ఇతరుల తప్పులు పట్టి. కారు విడిభాగాల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీరుని. కాకినాడ నుంచి 1999లో ఆ ఊరు వెళ్ళాం. ఇండియా పాస్‌పోర్టుతోనే అక్కడ ఓటు వెయ్యొచ్చు, నిలబడనూ వచ్చు అని మాకు చాలా ఏళ్ళు తెలియదు. లైబ్రరీలో పనిచేసే మార్గరెట్ చెప్పేదాకా, ఓటరు కాగితాలు వస్తే మనకెందుకొచ్చిన గొడవ అని చెత్తబుట్టలో వేసేవాళ్ళం.

మార్గరెట్ శ్యామలకి ప్రాణస్నేహితురాలు. లైబ్రరీ వెనక హాల్లో బుధవారం బుధవారం ముసలివాళ్ళకి భోజనాలు పెట్టేవారు. శ్యామల అక్కడికి ఉల్లిపాయలు తరగడానికి వెళ్ళింది. రెండేళ్ళు తిరిగేసరికి గరిటె ఆవిడ చేతిలో ఉంది. ఎనభై ఏళ్ళ దొరలు పులిహోర కోసం లైను కట్టేవారు. ఆవిడ ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా ఎవరి మోకాలు ఎలా ఉందో, ఎవరి కొడుకు ఫోన్ చెయ్యడం మానేశాడో ఆ వార్డు మొత్తం మీద ఆవిడకే తెలుసు. బజార్లో నన్ను షామ్లా మొగుడు అనే గుర్తుపట్టేవారు. నాకది గర్వంగానే ఉండేది.

2010 చివర్లో కౌన్సిలు వాళ్ళు ఆ లైబ్రరీ, హాలూ మూసేస్తామన్నారు. శ్యామల రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు, "మీరు నిలబడండి" అంది.

"నేనా? నాకెవరు వేస్తారు?"

"నేను నిలబడదామంటే మాట్లాడ్డానికి ఇంగ్లీషేదండీ? మాట్లాడే పని మీది. ఓట్ల పని నాది."

అన్నంత పనీ చేసింది. ఇల్లిల్లూ తిరిగింది. ఆ 611లో నా ఉపన్యాసాలకి పడ్డవి వంద ఉంటే గొప్ప. తక్కినవన్నీ పులిహోరకి పడ్డాయి.

మరి ప్రచారం జరిగిన ఆ ఆరు వారాలూ నేనేం చేశాను? టై కట్టుకున్నాను. ఒక గుమ్మంలో ఒక పెద్దాయన, నువ్వు గెలిస్తే మీ పద్ధతులన్నీ ఇక్కడికి పట్టుకొస్తావా అని నవ్వుతూనే అడిగాడు. నేనూ నవ్వాను. మర్నాడు శ్యామలతో, బొట్టు కాస్త చిన్నది పెట్టుకో అన్నాను. ఆవిడ చిన్నదే పెట్టుకుంది. అది తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకు అసహ్యం వేస్తుంది.

శ్యామలకి ఒక అలవాటు ఉంది. ఏ కాగితం చేతికొచ్చినా పైన 'శ్రీ' అని రాయందే మొదలుపెట్టదు. పాలవాడికి రాసే చీటీ అయినా, డాక్టరుకి చెప్పుకోవాల్సిన నొప్పుల జాబితా అయినా పైన శ్రీ ఉండాల్సిందే. మన ఇళ్ళల్లో చాలామందికి ఉన్నదే. ఇండియాలో ఓటంటే ముద్ర గుద్దడం, ఆ తర్వాత మీట నొక్కడం. రాసే పని లేదు గనక ఈ అలవాటు ఎవరి కొంపా ముంచలేదు. అక్కడ అలా కాదు. కాగితం ఇచ్చి, దారంతో కట్టిన పెన్సిలు చూపించి, వెళ్ళి గుర్తు పెట్టుకో అంటారు. చేత్తో రాసి వెయ్యడం ఆవిడకి జీవితంలో అదే మొదలు. ఇక చెయ్యి ఊరుకుంటుందా?

మర్నాడు పొద్దున్న ఒక బడి ఆటల హాల్లో లెక్కింపు. అనుమానం ఉన్న ఓట్లని పక్కన పెట్టి, ఎన్నికల అధికారి అభ్యర్థులని పిలిచి ఒక్కొక్కటీ చూపించి తీర్పు చెబుతుంది. తొమ్మిది కాగితాలు. కొన్ని ఖాళీవి, కొన్నింటిలో ఇద్దరికీ గుర్తులు, ఒకదాని మీద పంది బొమ్మ. ఎనిమిదోది తీసింది. నా పేరు పక్కన శుభ్రంగా, గీసిగీసి పెట్టిన గుర్తు. కాగితం నెత్తిన శ్రీ. ఆ అక్షరం కింద రెండు గీతలు, ఇరవై రెండేళ్ళుగా నా ఇంట్లో నేను చూస్తున్న గీతలే.

"ఇది ఎవరి పేరైనా అయ్యుంటుందా? వేసినవాళ్ళెవరో తెలిసేలా ఏదైనా రాస్తే ఓటు చెల్లదు" అంది అధికారిణి. చుట్టూ చూసి నా దగ్గర ఆగింది. ఆ బల్ల చుట్టూ నల్లవాణ్ణి నేనొక్కణ్ణే. "మీరు చదవగలరా?"

నా ఏజెంటు కెన్ అనే రిటైరైన పోస్ట్‌మాన్ నా పక్కనే ఉన్నాడు. అవతలి కుర్రాడు, వాళ్ళ మనుషులు, అందరూ నన్నే చూస్తున్నారు. అది పేరు కాదండీ, మావాళ్ళు ఏది రాసినా ముందు రాసుకునే మంగళాక్షరం, అని చెబితే సరిపోయేది. బహుశా చెల్లేది. కానీ నాకు గుమ్మంలో నవ్విన పెద్దాయన గుర్తొచ్చాడు. మీ పద్ధతులన్నీ ఇక్కడికి పట్టుకొస్తావా. సిగ్గేసింది. సొంత భార్య రాసిన అక్షరాన్ని చూసి సిగ్గుపడ్డాను.

"తెలియదండీ. అది మా భాష కాదు" అన్నాను.

ఆవిడ దాన్ని చెల్లనివాటిలో వేసింది. ఒక్క ఓటే కదా, పోతే పోయిందిలే అనుకున్నాను. గంట తర్వాత 611, 611 అన్నారు. రెండుసార్లు మళ్ళీ లెక్కపెట్టారు. ఆ కాగితం మళ్ళీ చూడండి అని అడిగే హక్కు నాకుంది. ఏ మొహంతో అడగను? ఇందాక రాని భాష గంటలో వచ్చిందా అనరూ? రెండు చీటీలు ఒక పెట్టెలో వేసి ఒకటి తీశారు. నా పేరు రాలేదు.

అక్టోబరులో హాలుకి తాళం వేశారు. వాళ్ళని అని ఏం లాభం? తప్పు నాదని నాకు తెలుసు, కోపం మాత్రం శ్యామల మీద చూపించాను. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. కూరలో ఉప్పుకీ, ఇస్త్రీ మడతకీ వంకలు పెట్టాను. నెలల తరబడి ముభావంగా ఉన్నాను. ఓడిపోయిన బాధ పాపం అని ఆవిడ సర్దుకుంది. బజార్లో కనిపించినవాళ్ళల్లా ఒక్క ఓటు, ఒక్క ఓటు అని నా భుజం తడుతుంటే భరించలేకపోయాను. జర్మనీలో విదేశీ ఇంజనీర్లకి బ్లూ కార్డు వీసా కొత్తగా మొదలైన ఏడాది, బ్యోబ్లింగెన్‌లో ఒక కార్ల ఆఫీసులో ఉద్యోగం వెతుక్కున్నాను. ఇంట్లో ప్రమోషన్ అని చెప్పాను. అందులో ప్రమోషనూ లేదు, గాడిదగుడ్డూ లేదు. నేను పారిపోతూ ఆవిణ్ణి కూడా లాక్కొచ్చాను.

ఇక్కడ శ్యామలకి ఎవరూ లేకుండా పోయారు. నలభై తొమ్మిదేళ్ళ వయసులో కొత్త భాష అంటే మాటలా? ఊళ్ళో తెలుగు కుర్ర జంటలు ఉన్నారు. మంచివాళ్ళే, పండగకి పిలుస్తారు, కాళ్ళకి దణ్ణం పెడతారు. ఆ తర్వాత పసిపిల్లల బడి కిటాలో సీటు వచ్చిందా, ఇల్లు మారినట్టు రాయించుకోడానికి టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరికిందా అని వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటారు. ఆవిడ ప్లేటు పట్టుకుని మూల కుర్చీలో కూర్చుంటుంది. మార్గరెట్ ఏటా క్రిస్మస్‌కి కార్డు రాసేది. 2019లో ఆమె పోయిందని వాళ్ళమ్మాయి రాసింది. శ్యామల ఆ ఉత్తరం నాకిచ్చి, "వెళ్ళుంటే బాగుండేదండీ" అంది, అంతే.

ఆ తర్వాతే ఆవిడకి పట్టుదల వచ్చింది. ఇక్కడ పౌరసత్వం వస్తే మళ్ళీ ఓటొస్తుందని ఎవరో చెప్పారట. జర్మన్ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి పాసయింది. పోయిన వేసవిలో కాగితాలు వచ్చాయి. ఇండియా పాస్‌పోర్టులు అప్పగించేసి వచ్చిన రోజు నేను దిగులుగా కూర్చుంటే, "ఊరుకోండి. ఈసారి ఎవరికి వేస్తే వాళ్ళు గెలుస్తారు. నా ఓటుకి మీరు ఓడిపోలేదుగా, సమానమయ్యారు. నా చెయ్యి మంచిదే" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడీ మార్చిలో ఇక్కడ అసెంబ్లీ ఎన్నికలు. పోలింగు ఆదివారంనాడే ఈషా పుట్టినరోజు. మేము ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటాం గనక పోస్టులో ఓటు తెప్పించుకున్నాం. పోలింగుకి ఇంకా వారం ఉండగా, నిన్న శనివారం మధ్యాహ్నం కవర్లు విప్పాం. శ్యామల తలంటుకుని, దీపం పెట్టి, ఉతికిన చీర కట్టుకుని వంటింటి బల్ల దగ్గరికి వచ్చింది. ఎవరూ చూడకుండా ఒంటరిగా వెయ్యాలని సూచనల్లో ఉంది. కాబట్టి చెరో వైపు తిరిగి కూర్చున్నాం. నాది అర నిమిషంలో అయిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆవిడ చేతిలో పెన్ను ఉందని.

తిరిగి చూశాను. కాగితం బల్ల మీద పరుచుకుని అరచేత్తో సాపు చేస్తోంది. నేను ఊరుకుంటే ఆ ఓటు పోతుంది, అంతే. ఎవరి ఓటు చెల్లిందో ఎవరిది చెల్లలేదో ఇంటికొచ్చి ఎవరూ చెప్పరు. పదిహేనేళ్ళు దాచినది అలాగే ఉండిపోతుంది. వద్దంటే ఎందుకని అడుగుతుంది. ఊరుకుందామనే అనుకున్నాను, అబద్ధం ఎందుకు. కానీ మూడుసార్లు పరీక్ష రాసి తెచ్చుకున్న ఓటు అది. పెన్ను కాగితం పైఅంచుకి చేరింది.

"రాయకు" అన్నాను.

ఉలిక్కిపడింది. "అదేంటండీ, అలా అరుస్తారు? శ్రీ రాసుకుంటున్నాను."

"రాయకూడదు. ఇంకేం రాసినా ఓటు చెల్లదు."

"ఎవరు చెప్పారు?"

"రూలు."

"ఇక్కడి రూలా?"

అవును అంటే సరిపోయేది. అనలేదు, గోడకి తగిలించిన పటం వైపు చూశాను. శ్యామల నన్నే చూస్తోంది. పెన్ను కింద పెట్టింది.

"అక్కడ కూడా రాశానండీ నేను" అంది.

"తెలుసు."

"తెలుసంటే?"

"చూశాను. నాకు చూపించారు."

లేచి పటం దగ్గరికి వెళ్ళింది. చెల్లని ఓట్లు 9 అన్న చోట వేలు పెట్టింది. "ఇందులో ఒకటి నాదా?" అంది. గొంతు మామూలుగానే ఉంది. నేను తల ఊపాను. "అయితే ఆ మహాతల్లిని నేనేనన్నమాట."

అక్కడితో ఆగి ఉండొచ్చు. ఆవిడ తప్పు ఆవిడకి తెలిసింది, నాది నాతోనే ఉంది. కానీ ఆవిడ చెయ్యి ఆ అద్దం మీద అలాగే ఉండిపోవడం చూసి ఆగలేకపోయాను. "నీ తప్పు కాదు" అని మొత్తం చెప్పేశాను. అధికారిణి అడిగిందీ, నేను అన్నదీ, గుమ్మంలో పెద్దాయన సంగతీ, ప్రమోషన్ సంగతీ కూడా.

వచ్చి కుర్చీలో కూర్చుంది. "మార్గరెట్ ప్రతి కార్డులోనూ అడిగేది, ఎందుకు వెళ్ళిపోయావని. మా ఆయనకి ప్రమోషన్ అని రాసేదాన్ని. నాకు తెలిసింది అదేగా" అంది.

"శ్యామలా..."

"మా భాష కాదన్నారా?"

"సిగ్గేసింది. కానీ నీది అని చెప్పినా లాభం లేదు. ఎవరిదో తెలిసిపోతే చెల్లదని రూలు" అన్నాను. ఇప్పుడు కూడా నాకు రూలే అడ్డం దొరికింది.

"ఎలాగూ చెల్లలేదుగా అండీ" అంది శ్యామల. "చెల్లనిదాన్ని నా భార్యది అనడానికి మీకేం పోయింది?"

ఆవిడ పెన్ను తీసుకుంది. కాగితం నెత్తిన, ఎప్పుడూ రాసేదానికంటే పెద్దగా, శ్రీ అని రాసింది. కింద రెండు గీతలు గీసింది. తర్వాత తనకి కావలసినవాళ్ళ పక్కన తీరిగ్గా గుర్తు పెట్టింది. నేను ఆపలేదు. కాగితాన్ని నా వైపు తిప్పి జరిపింది.

"చదవండి."

"ఎందుకిప్పుడు?"

"చదవండి. అడుగుతున్నాగా, ఏం రాసుంది?"

"శ్రీ."

"ఎవరు రాశారు?"

"నా భార్య" అన్నాను. అని ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు.

"ఇంతేగా అండీ. ఈ మాత్రం మాటకి నన్ను ఇంత దూరం తీసుకొచ్చారా?" అంది.

కాగితం మడిచి కవర్లో పెట్టింది. దాన్ని ఇంకో కవర్లో పెట్టి, ఎక్కడ సంతకం పెట్టాలో అక్కడ పెట్టి, అంచు తడిపి అంటించింది. నాది కూడా తనే అంటించింది. ఇద్దరివీ నా చేతికిచ్చి, "మూల మీది పోస్టు డబ్బాలో ఉత్తరాలు మూడింటికే తీసేస్తారు, వేసి రండి" అని పడగ్గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నేను చెప్పులేసుకుని కిందికి దిగాను. ఒకటి చెల్లదని తెలిసి కూడా, రెండు కవర్లూ డబ్బాలో వేసి వచ్చాను.